బిల్లుకు వెడల్పు, పొలానికి లోతు

సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారన్న కబురు రాగానే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో రైతు విత్తనం సంగతి చూసుకుంటాడు, కూలీ పని సంగతి వాకబు చేస్తాడు. పది రోజులు గడుస్తాయి. పై ఊళ్ళో నీళ్ళు కనిపిస్తాయి. కింది ఊరి బోదె మాత్రం దుమ్ము రేగుతూనే ఉంటుంది. అడిగితే, వదలాల్సినంత వదిలాం, మధ్యలో ఏమైందో మాకు తెలియదు అని జవాబు. మధ్యలో ఏమైందో తెలియకపోవడానికి అది ఆకాశంలో పోయే మేఘం కాదు. మనిషి తవ్విన కాలువ. దాని వెడల్పు కొలవొచ్చు, లోతు కొలవొచ్చు. ఆ రెండింటికీ ఉన్న లంకె ఏమిటో తెలిస్తే నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో ఊళ్ళో ఎవరైనా చెప్పొచ్చు. ఈ రోజు ఆ లంకె గురించే నాలుగు మాటలు చెప్పదలిచాం. ఇది ఇంజనీర్ల కాగితాల్లో ఉండే సంగతే. కాని దాని ఫలితం పడేది కూలీ కంచం మీద.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. చివరి భూములకు నీళ్ళు రాకపోవడానికి కారణం ఒక్కటే కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టుకున్న ఎడమ కాలువ తల దగ్గర 11,000 క్యూసెక్కులు పారేటట్టు తవ్వినది. ఆ నీరు నల్లగొండ దాటాలి, ఖమ్మం దాటాలి, ఆ తర్వాతే కృష్ణా జిల్లా మెట్టకు రావాలి. బచావత్ ట్రిబ్యునల్ ఎడమ కాలువ కింద 132 టి.ఎం.సి.లు లెక్కగట్టింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక తల ఒక రాష్ట్రంలో, తోక ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. 2022లో కృష్ణా జిల్లాను చీల్చి ఈ ప్రాంతాన్ని ఎన్.టి.ఆర్. జిల్లాలో పెట్టారు. జిల్లా పేరు మారింది గాని తోక తోకగానే ఉంది. వాటాల తగాదా పెద్దలది, అది తేలేటప్పటికి తేలుతుంది. కాని వచ్చిన నీరైనా మన మేజరులో, మన మైనరులో చివరిదాకా పోతోందా లేదా అన్నది మన కళ్ళముందు తేలాల్సిన విషయం.

ఈ మధ్య మేము ఒక మైనరు కాలువ గట్టు వెంట నడిచాం. పూడిక తీశారన్నారు. నిజంగానే మట్టి తీశారు, గట్ల మీద కుప్పలున్నాయి. ఒక పెద్దాయన మాతో అన్న మాట ఇది: “ఏందండీ ఇది, ఎడల్పు చూస్తే ఏరులా ఉంది, నీళ్ళు చూస్తే గొడ్డు మోకాలు తడవదు.” ఆ పెద్దాయన బడికి పోలేదు. కాని జలశాస్త్రంలో ఒక పెద్ద సూత్రాన్ని ఒక్క ముక్కలో చెప్పాడు.

వెడల్పు–లోతు నిష్పత్తి అంటే ఏమిటి?

కాలువలో పారే నీటి వెడల్పును దాని లోతుతో భాగిస్తే వచ్చే అంకెను వెడల్పు–లోతు నిష్పత్తి అంటారు. ఇంజనీర్లు ఆస్పెక్ట్ రేషియో అంటారు. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉంటే నిష్పత్తి 2. పన్నెండు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటే 8. అంకె చిన్నదైతే కాలువ ఇరుకుగా, లోతుగా ఉన్నట్టు. పెద్దదైతే వెడల్పుగా, పలచగా పరుచుకున్నట్టు.

ఇందులో గమ్మత్తు ఏమంటే పైన చెప్పిన రెండు కాలువల్లోనూ పారే జాగా ఒక్కటే. ఆరు మూళ్ళు పద్దెనిమిది, పన్నెండు ఒకటిన్నరలు పద్దెనిమిది. రెండూ పద్దెనిమిది చదరపు అడుగులే. అయితే రెండింటిలోనూ ఒకే నీరు పారుతుందా? పారదు.

ఎందుకంటే నీటిని ముందుకు లాగేది వాలు, వెనక్కి పట్టేది కాలువ ఒళ్ళు. నీరు అడుగును, రెండు పక్కలను రాసుకుంటూ పోతుంది. ఎంత ఎక్కువ ఒళ్ళు తడిస్తే అంత రాపిడి, అంత ఇంకుడు. ఆరు–మూడు కాలువలో అడుగు ఆరు, పక్కలు మూడేసి, మొత్తం పన్నెండు అడుగుల ఒళ్ళు తడుస్తుంది. పన్నెండు–ఒకటిన్నర కాలువలో అడుగు పన్నెండు, పక్కలు ఒకటిన్నరేసి, మొత్తం పదిహేను అడుగులు తడుస్తుంది. పారే జాగాను తడిసే ఒంటితో భాగించి, మానింగ్ అనే ఇంజనీరు పేరు మీద ప్రపంచమంతా వాడే సూత్రంతో లెక్క కడితే, అదే వాలుకు, అదే మట్టికి, మొదటి కాలువలో 100 వంతులు పారితే రెండో దానిలో 86 వంతులే పారుతుంది. దాన్ని ఇంకా పరిచి పద్దెనిమిది అడుగుల వెడల్పు, ఒక్క అడుగు లోతు చేస్తే 71 వంతులకు దిగజారుతుంది. పోనీ ఇరుకు చేస్తే? మూడడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు చేసినా 86 వంతులే. అంటే అతి వెడల్పూ పనికిరాదు, అతి ఇరుకూ పనికిరాదు. నిలువు గోడల కాలువకు లోతుకు రెట్టింపు వెడల్పు ఉంటే రాపిడి అన్నిటికంటే తక్కువ. ఇది గణితం తేల్చిన మాట.

పూడిక లెక్క

ఇప్పుడు మన బాధ దగ్గరికి వద్దాం. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కాలువలో ఒక అడుగు పూడిక చేరిందనుకోండి. లోతులో మూడో వంతు పోయింది. అధికారి అనేది ఏమిటి? మూడో వంతు నీళ్ళు తగ్గుతాయి, సర్దుకోండి అని. లెక్క అలా లేదు. జాగా తగ్గింది, దానితోపాటు వేగమూ తగ్గింది. నిష్పత్తి 2 నుంచి 3కు పోయింది. పారే నీరు 100 నుంచి 57కు పడిపోయింది. అడుగున్నర పూడితే లోతు సగం పోయినట్టు, నిష్పత్తి 4. పారే నీరు సగం కూడా కాదు, 38 వంతులే. ఇక పైన తుంగ, జమ్ము మొలిచాయంటే ఆ 38 కూడా చేతికి రాదు.

దీన్ని ఎకరాల్లోకి మారుద్దాం. పూడిక లేనప్పుడు మన కాలువలో సెకనుకు 30 ఘనపుటడుగులు, అంటే 30 క్యూసెక్కులు పారుతున్నాయనుకుందాం. ఒక క్యూసెక్కు ఒక రోజంతా పారితే దాదాపు రెండెకరాల మీద అడుగు లోతు నీరు నిలుస్తుంది. అడుగున్నర పూడికతో 30లో 18 క్యూసెక్కులకు పైగా గండి పడుతుంది. ఆరుతడి పంటకు ఒక తడికి రెండంగుళాలు చాలనుకుంటే, ఆ పోయిన నీటితో రోజుకు 220 ఎకరాలు తడిసేవి. ఇది ఒక్క మైనరు మీద, ఒక్క రోజు నష్టం. 220 ఎకరాల పత్తి, మిరప ఎండితే ఏరే చేతులకు పనేముంటుంది? రైతుకు పంట పోతుంది. కౌలురైతుకు పంటతోపాటు ముందుగా కట్టిన కౌలూ పోతుంది. కూలీకి పనిదినాలే పోతాయి. ఆ దినాలకు పరిహారం రాసే కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

బిల్లు ఒకటి, నీరు ఒకటి

సగం పూడిన ఆ కాలువను బాగుచేసేందుకు రెండు దారులున్నాయి. మొదటిది, అడుగున్న పూడిక తీసెయ్యడం. గజ దూరానికి కాదు, అడుగు దూరానికే లెక్క చూడండి. ఆరడుగుల వెడల్పు, అడుగున్నర మందం, తొమ్మిది ఘనపుటడుగుల మట్టి. కాలువ మళ్ళీ ఆరు–మూడుకు వస్తుంది. రెండోది, అడుగు జోలికి పోకుండా పక్కలు గీకడం. నీరు పారే అడుగున్నర ఎత్తు మేరకు ఆరడుగులు వెడల్పు చేస్తే అక్కడా తొమ్మిది ఘనపుటడుగుల మట్టే వస్తుంది. కాలువ పన్నెండు–ఒకటిన్నర అవుతుంది.

మట్టి ఒక్కటే, కొలత పుస్తకంలో అంకె ఒక్కటే, బిల్లు ఒక్కటే. నీరు మాత్రం ఒకచోట 100, ఇంకోచోట 86. అంతటితో అయిందా? తడిసే ఒళ్ళు పన్నెండు నుంచి పదిహేనుకు పెరిగింది గనక ఇంకిపోయేదీ పావు వంతు పెరుగుతుంది. ఎండకు ఆరే నీటి ముఖం రెట్టింపవుతుంది. గట్టు పలచనై గండికి సిద్ధంగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, కాలువ సగమే వచ్చిన రోజు పలచగా పరుచుకున్న నీరు తూము మట్టానికి అందదు. పై చేనుకు కాలువ నిండుగా కనిపిస్తుంది, తూము మాత్రం నోరు తెరుచుకుని చూస్తుంటుంది. తీసిన మట్టి కుప్ప చూపించి నీళ్ళెందుకు రావు అని రైతును దబాయించే కాంట్రాక్టరుకు ఇదే జవాబు. మట్టి ఎంత తీశావన్నది కాదు, ఎక్కడ తీశావన్నది చెప్పు.

గట్టు మీద నిలబడ్డ యంత్రానికి పక్కలు గీకడం సులువు. గీరిన అడుగు ఎత్తుపల్లాలుగా మిగులుతుంది. అడుగు చదునుగా, వాలు చెడకుండా తియ్యాలంటే దిగి పారపట్టే మనిషి కావాలి. చిన్న కాలువల్లో మనిషి చెయ్యగలిగిన పనిని యంత్రానికి అప్పజెప్పి, కూలీ పనీ పోగొట్టి, నీటి పారుదలా పోగొట్టడం ఏ పొదుపు లెక్కో మాకు అర్థం కావడం లేదు.

ఏ వెడల్పు? ఏ లోతు?

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. ఇంతవరకు తేలిక కోసం నిలువు గోడల కాలువ చెప్పాం. మట్టి కాలువకు పక్కలు ఏటవాలుగా ఉంటాయి. ఆరడుగుల అడుగు వెడల్పు, మూడడుగుల లోతు, అడుగు ఎత్తుకు అడుగున్నర వాలు ఉన్న కాలువ తీసుకోండి. పైన నీటి వెడల్పు పదిహేను అడుగులు అవుతుంది. అడుగు వెడల్పును లోతుతో భాగిస్తే నిష్పత్తి 2. నీటి పై వెడల్పును లోతుతో భాగిస్తే 5. పై వెడల్పును సగటు లోతుతో భాగిస్తే, నదులకు అలాగే కడతారు, 7 దాటుతుంది. కాలువ ఒక్కటే, అంకెలు మూడు! కనుక నిష్పత్తి ఇంత, వెడల్పు ఇంత అని ఎవరైనా చెబితే, ఏ వెడల్పు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగాలి. లోతు గట్టు మీది నుంచి కొలిచారా, నీటి మట్టం నుంచి కొలిచారా అని అడగాలి. గట్టు మీద రెండడుగుల మట్టి పోసి, కాలువ రెండడుగులు లోతైందని రాసుకోవడం కష్టమేమీ కాదు. కదలని గుర్తు ఒక్కటే, తూము రాయి, డ్రాపు రాయి. లోతు దాని నుంచి కొలవాలి.

అన్ని కాలువలకూ ఒకే నిష్పత్తి పెట్టాలని మేము అనడం లేదు. ఆ మాట అంటే శాస్త్రానికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. 1895లో కెన్నెడీ అనే ఇంజనీరు పంజాబులో బారీ దోఆబ్ కాలువ మీద కొలతలు తీసి, ఎంత లోతుకు ఎంత వేగముంటే ఒండ్రు దిగదో ఒక సూత్రం చెప్పాడు. కాని అందులో వెడల్పు సంగతి తేల్చలేదు. 1930లో లేసీ ఆ లోటు పూరించాడు. ఒండ్రు నేలలో కాలువ తనకు కావలసిన ఒళ్ళు తానే తయారుచేసుకుంటుందనీ, నీరు నాలుగింతలైతే తడిసే ఒళ్ళు రెండింతలవుతుందనీ తేల్చాడు. దీని అర్థమేమంటే పెద్ద కాలువ సహజంగానే వెడల్పుగా ఉంటుంది, చిన్నది ఇరుకుగా, తనకు తగ్గ లోతుగా ఉండాలి. కృష్ణా డెల్టా కాలువల్లో పడవలు కూడా నడిచేవి, వాటి వెడల్పుకు అదొక కారణం. మెట్టలో మైనరుకు పడవలేం నడపబోతున్నాం? తల దగ్గర వెడల్పు అవసరం, తోక దగ్గర వెడల్పు దండగ.

నల్లరేగడి మరో సంగతి. ఏటవాలు కాలువకు గణితం చెప్పే మేలైన రూపం ఆరు పలకల బిళ్ళను సగానికి కోసినట్టుంటుంది. దాని పక్కలు నిటారుకు దగ్గరగా ఉంటాయి. మన రేగడి మట్టి అలా నిలవదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, జారిపోతుంది. వాలు ఎక్కువ ఇవ్వక తప్పదు, నిష్పత్తి కొంత పెరగక తప్పదు. సిమెంటు లైనింగు వేస్తే రాపిడి తగ్గి నీరు జోరుగా పారుతుంది, నిజమే. కాని ఉబ్బే రేగడి మీద నేరుగా పలక పరిస్తే నాలుగు కార్లు తిరిగేలోగా పగులుతుంది. మధ్యలో ఉబ్బని మట్టి, మొరంలాంటిది, తగినంత మందం పరిచి దిమ్మిస చెయ్యాలి. 2010లో మంజూరైన ప్రపంచబ్యాంకు అప్పుతో సాగర్ కాలువల ఆధునికీకరణ జరిగింది. ఆ అప్పు తీర్చేది ప్రజలే. కనుక ఏ కాలువలో ఏ పొర ఎంత మందం వేశారో ఆ లెక్క ఊరి ముందు పెట్టమనే హక్కు ప్రజలకుంది.

ఏటికీ ఇదే సూత్రం

కాలువకు వర్తించేది ఏటికీ వర్తిస్తుంది. మునేరు, వైరా, పాలేరు వెడల్పైన ఇసుక ఏర్లు. మామూలు రోజుల్లో పలచగా పారతాయి, వరదప్పుడు ఒళ్ళు విరుచుకుంటాయి. ఆ వెడల్పు వాటి ఊపిరి. ఒడ్లు ఆక్రమించి వెడల్పు కోసేస్తే వరద పైకి లేస్తుంది. ఇసుక కోసం అడుగు గోతులు చేస్తే మామూలు రోజుల్లో నీరు గోతుల్లో దిగిపోయి కాలువ తూముకు అందదు. 2023 జులైలో మునేరు నీరు ఐతవరం దగ్గర జాతీయ రహదారి ఎక్కింది. 2024 సెప్టెంబరు వరదల్లో ఏర్లన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి, సాగర్ ఎడమ కాలువకే పైన గండి పడింది. వెడల్పుండాల్సిన ఏటిని ఇరుకు చేస్తున్నారు, ఇరుకుండాల్సిన కాలువను వెడల్పు చేస్తున్నారు. రెండు చోట్లా లాభం మట్టి, ఇసుక అమ్ముకునేవాడికి, నష్టం పల్లెకు.

కొలతబద్ద మన చేతికి రావాలి

మట్టి పని కూలికి కొలత కొత్త కాదు. గుంట తీసి, మధ్యలో తవ్వని దిమ్మ వదిలి, దాని ఎత్తు చూపించి కూలి అడిగిన చేతులవి. దిమ్మ లేకపోతే మేస్త్రీ చెప్పిందే లోతని కూలీకి అనుభవంతో తెలుసు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద ఏళ్ళ తరబడి కాలువ పూడికలు తీసిందీ ఈ చేతులే. కూలీ తవ్విన అంగుళం తగ్గితే కూలి కోసే అధికారులు, కాంట్రాక్టరు వదిలేసిన అడుగును ఎందుకు చూడరు? కూలీకి ఒక కొలతబద్ద, కాంట్రాక్టరుకు ఒక కొలతబద్దా?

కొలవడం బ్రహ్మవిద్య కాదు. ఒక తాడు, ఒక గెడ, ఒక గడియారం చాలు. వంద అడుగులకొకచోట తాడు అడ్డంగా పట్టి అడుగు వెడల్పు, నీటి వెడల్పు విడివిడిగా రాయాలి. మధ్యన, రెండు పక్కల గెడ దించి లోతు రాయాలి. కాలువ తిన్నగా ఉన్నచోట వంద అడుగులు గుర్తుపెట్టి చెక్కముక్క వదలాలి. అది యాభై సెకన్లలో దాటితే పై వేగం సెకనుకు రెండడుగులు. అడుగున, పక్కన నీరు నెమ్మదిగా పోతుంది గనక నూటికి 85 వంతులు కట్టాలి, అంటే 1.7 అడుగులు. దాన్ని పద్దెనిమిది చదరపు అడుగులతో గుణిస్తే 30 క్యూసెక్కులు దాటుతుంది. తల దగ్గర ఒకసారి, తోక దగ్గర ఒకసారి ఇలా కొలిచి, మధ్య తూములు లాగినది తీసేస్తే, దారిలో ఏమైందో మాకు తెలియదు అన్న జవాబు మళ్ళీ వినపడదు.

1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. మంచిదే. కాని అందులో వోటు ఆయకట్టులో సాగు చేసేవారిదే. భూమి లేని కూలీది కాదు. కాలువ తవ్వినవాడికి, కాలువ ఎండితే మొదట పస్తుండేవాడికి మాట లేకపోతే ఎలా? వోటు సంగతి చట్టం మారినప్పుడు చూద్దాం. కొలత దగ్గర నిలబడే హక్కుకు చట్టం అడ్డు రాదు.

కాబట్టి మేము కోరేది ఇది. ప్రతి మేజరు, మైనరు తల దగ్గర అడుగు వెడల్పు, నీటి లోతు, పక్క వాలు, పారవలసిన క్యూసెక్కులు తెలుగులో రాసిన బోర్డు పెట్టాలి. పూడిక పనికి ముందు, తర్వాత, రైతులు, కూలీల సమక్షంలో తూము రాయి ఆధారంగా లోతు కొలవాలి. పక్కలు గీకిన మట్టికి పూడిక బిల్లు ఇవ్వకూడదు. బిల్లు మట్టి మీద కాక, పని తర్వాత తోక దగ్గర పారిన నీటి మీద ఖాయం కావాలి. మైనర్లు, బోదెల పనిని కూలీలకే ఇచ్చి, కొలిచిన మేరకు పూర్తి కూలి ఇవ్వాలి. ఇందులో కోట్లు కావలసిన కోరిక ఒక్కటీ లేదు. చిత్తశుద్ధి ఉంటే ఈ కారుకే అమలు చెయ్యొచ్చు.

వ్యవసాయ కార్మిక, రైతు సంఘాల కార్యకర్తలకు మా విజ్ఞప్తి. కాలువకు నీళ్ళు రాకముందే, అడుగు పొడిగా ఉన్నప్పుడే, తాడూ గెడా పట్టుకుని మీ ఊరి కాలువలోకి దిగండి. కొలిచినవి ఒక నోటు పుస్తకంలో రాసి, ఊళ్ళో పదిమంది చేత సంతకాలు, వేలిముద్రలు వేయించండి. అర్జీలో నీళ్ళు రావడం లేదు మహాప్రభో అని రాయకండి. మా మైనరు ఫలానా తూము దగ్గర మూడడుగుల లోతుండాలి, ఒకటిన్నరే ఉంది, 100 పారాల్సిన చోట 38 పారుతోంది, మిగిలిన 62 ఎక్కడ అని రాయండి. మొర వినకుండా తప్పించుకోవచ్చు. లెక్కకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.